మా ఊళ్లో నేను లేను

కంగారు నాకు పుట్టుకతోనే వచ్చింది. ఎక్కాల్సిన బస్సు ఇంకా డిపోలోంచి బయలుదేరకముందే నేను స్టాండులో ఉంటాను. ఉండి ఊరుకోను, ఈ బస్సు ఇవాళ నడుస్తుందా లేదా అని నలుగురిని అడుగుతాను. మా నాన్న ఇల్లందులో బొగ్గుబాయిలో పనిచేసేవాడు. ఆయన షిఫ్టు దిగి వచ్చేదాకా అమ్మ వాకిట్లోనే నిలబడేది, ఆమె కొంగు పట్టుకుని నేనూ నిలబడేదాన్ని. ఈ జబ్బు నాకు అక్కడే అంటుకుని ఉంటుంది.

అలాంటి మనిషికి జర్మనీ నుంచి పిలుపు వచ్చింది.

చర్ల దాటి, పోలీసు క్యాంపు దాటి, రోడ్డు అనదగ్గది అయిపోయాక కూడా కొంతదూరం పోతే వచ్చే కోయ ఊళ్లో నేను బడి టీచర్ని. ఉద్యోగం వచ్చిన కొత్తలో ఒకటో తరగతి పిల్లలకు తెలుగు రాదు, నాకు కోయ రాదు. ఆ ఏడాదంతా ఒకరి మొహం ఒకరం చూసుకుని ఇళ్లకు పోయాం. తర్వాత వాళ్ల దగ్గరే మాటలు నేర్చుకున్నాను. వాళ్లు చెప్పే కథలకు వాళ్ల చేతే బొమ్మలు గీయించి, కింద కోయ మాట తెలుగు అక్షరాల్లో రాసి, దారంతో కుట్టి చిన్న చిన్న పుస్తకాలు చేశాం. భద్రాచలంలో ఒక మీటింగులో ఎవరో వాటి ఫోటోలు తీసుకున్నారు. ఆ సంగతి నేను మరచిపోయాక, పిల్లలకు ఇంటి భాషలో చదువు చెప్పడం మీద సదస్సు ఉందనీ, వచ్చి ఆ పుస్తకాల గురించి ఒక పావుగంట మాట్లాడమనీ ఈమెయిల్ వచ్చింది. టికెట్టు, బస వాళ్లదే. పాస్‌పోర్టు నంబరు మాత్రం వెంటనే పంపాలట.

నాకు పాస్‌పోర్టు లేదు. మా ఇంటా వంటా ఎవరికీ లేదు.

వెళ్లాలని ఎంత కోరిక పుట్టిందో చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. తనిఖీకి వచ్చిన ఒక పెద్దసారు ఆ పుస్తకాలను రెండు వేళ్లతో ఎత్తి చూసి, "వీళ్లకు తెలుగు నేర్పమంటే నువ్వు కోయ నేర్చుకుంటున్నవా అమ్మా" అని పిల్లల ముందే నవ్విపోయాడు. ఆ నవ్వు నన్ను ఏళ్ల తరబడి కొరుకుతూనే ఉంది. ఒక్క పావుగంట, ఎవరూ నవ్వని చోట నిలబడి ఆ పుస్తకాలు చూపించాలి. నాకు కావలసింది అదే. జర్మనీ చూడకపోయినా ఫర్వాలేదు.

ముందు ఆఫీసు నుంచి అభ్యంతరం లేదన్న కాగితం తేవాలి. ఆ ఫైలు ఒక బల్ల మీది నుంచి ఇంకో బల్ల మీదికి పోవడానికి పట్టిన కాలంలో మనిషి జర్మనీకి నడిచి పోయి రావచ్చు. ఆ తర్వాత ఖమ్మం. తెల్లారకముందే బయలుదేరి, పాల్వంచలో షిఫ్టుకు పోయేవాళ్ల మధ్య నిలబడి ప్రయాణం చేసి, పాస్‌పోర్టు ఆఫీసులో వేలిముద్రలు వేసి, ఫోటో దిగాను. అడ్రసు దగ్గర కొంచెం చిక్కు వచ్చింది. నాన్న రిటైరయ్యాక కంపెనీ క్వార్టరు ఖాళీ చేశాం. ఇప్పుడు అమ్మా లేదు, నాన్నా లేడు. నాకని చెప్పుకునే అడ్రసు అడవి పక్క ఆ ఊరే, అక్కడ కిరాయికి ఉంటున్న రెండు గదులే.

"పోలీసు వెరిఫికేషన్ ఉంటది మేడం. ఇంటికొస్తరు, ఇరుగుపొరుగును అడుగుతరు. ఫోన్ దగ్గర పెట్టుకోండ్రి" అంది కౌంటర్లో అమ్మాయి.

ఫోన్ దగ్గర పెట్టుకోవచ్చు, సిగ్నల్‌ను ఎలా పెట్టుకుంటాం? మా ఊళ్లో ఫోను పలికేది బడి పక్కన నీళ్లట్యాంకు మెట్ల మీద ఒక్కచోటే. నేను బడి వదిలాక ఆ మెట్ల మీద కూర్చోవడం మొదలుపెట్టాను. అన్నం పళ్లెం కూడా అక్కడికే తెచ్చుకునేదాన్ని. పంతులమ్మకు ఎవరో ఫోన్ చేస్తున్నారని ఊళ్లో నవ్వులు. చేసేది పోలీసులని నేను చెప్పలేదు. చెప్పి ఉంటే కథ వేరేగా ఉండేది.

ఒక రెండో శనివారం బడి లేదు కదా అని సరుకులకు భద్రాచలం పోయాను. సాయంత్రం వచ్చేసరికి ఊరు ఎప్పటిలాగే ఉంది. అవ్వ వాకిట్లో చాప మీద ఇప్పపూలు తిరగేస్తోంది. అవ్వ అంటే నా ఇంటి యజమానురాలు. ఆమె చిన్నకొడుకు పని దొరికి ఊరొదిలి పోతే, అతని కోసం కట్టిన రెండు గదులూ నాకిచ్చింది. ఆమెదీ నాదీ ఒకటే వాకిలి. పక్కన వెదురు దడి, దడికి అవతల పెద్దకొడుకు ఇల్లు. మా పుస్తకాల్లో మొదటి కథ ఈ అవ్వ చెప్పిందే. కళ్లు సరిగా కనబడకపోయినా నా నడకను బట్టి నేను ఏ మూడ్‌లో ఉన్నానో చెప్పగలదు. ఆ రోజు నన్ను చూసి, "అన్ని దొరికినయా" అని మాత్రం అడిగింది.

కొన్నాళ్లకు చర్ల బస్సులో ఉండగా ఫోన్ మోగింది. ఇంగ్లీషులో మెసేజి. నా దరఖాస్తు మీద పోలీసు రిపోర్టు 'అడ్వర్స్', అంటే వ్యతిరేకంగా, వచ్చిందట, అందుకని ఆపేశారట.

ఆ మాట ఇంకెక్కడైనా ఒక మాట మాత్రమే. అడవిలో అన్నలూ, బయట క్యాంపులూ ఉన్న మా వైపు అలా కాదు. పోలీసులు ఒక మనిషి గురించి బాగాలేదని రాశారంటే ఆ రాత నీడలా వెంట వస్తుంది. నేను సర్కారు జీతం తింటున్నదాన్ని. ఏం చేశాను అని వెతుక్కోవడం మొదలుపెట్టాను. జ్వరం గోలీలు అడిగిన వాళ్లందరికీ ఎవరి కోసమని అడగకుండా ఇచ్చాను. కోయ పాటలు రాసిపెట్టుకున్నాను, అందులో ఏదైనా కూడని పాట ఉందేమో. ఒకసారి క్యాంపు దగ్గర బస్సు ఆపి సోదా చేస్తుంటే విసుక్కున్నాను. అది ఎవరైనా గుర్తుపెట్టుకున్నారేమో. ఉద్యోగం పోతే ఎక్కడికి పోవాలి అన్నదాకా పోయింది నా ఆలోచన.

నేరుగా స్టేషనుకే పోయాను. వెరిఫికేషన్‌కు వచ్చిన కానిస్టేబుల్ నడివయసు మనిషి, నన్ను చూసి ఆశ్చర్యపోయాడు.

"మీరేనా మేడం? నేనొచ్చిన మీ ఊరికి. ఫోన్ చేస్తే కలవలే. బడికి తాళమేసి ఉన్నది. దొరికిన ఇండ్లల్ల అడిగిన. అసొంటి టీచరే లేదన్నరు."

"లేదన్నరా?"

"అవ్ మేడం. మీరిచ్చిన అడ్రసు ఇంటి ముందట్నే ఒక ముసలామె ఉన్నది. ఎవ్వలు లేరన్నది. తీగె మీద చీరె ఆరేసి ఉన్నది. ఇదెవరిదంటే గాలికి కొట్టుకొచ్చిందన్నది. నేనేం రాయాలె చెప్పండ్రి. చీరె ఉన్నదని రాయాలెనా?"

అతని మీద కోపం తెచ్చుకోవడానికి ఏమీ మిగల్లేదు. నా పేరు మీద ఏ చెడ్డ రాతా లేదనీ, ఆ అడ్రసులో లేను అని రాయడం వల్లే అలా వచ్చిందనీ తెలిసి ప్రాణం కుదుటపడింది. కుదుటపడ్డ ప్రాణం ఊరి పొలిమేర చేరేలోపు మంటెత్తిపోయింది. ఇన్నేళ్లు ఈ ఊళ్లో ఉన్నాను. వీళ్ల పిల్లల ముక్కులు తుడిచాను. నేను లేనంటారా?

అవ్వ చాప దగ్గరే ఉంది.

"పోలీసాయన వచ్చిండా అవ్వా?"

"వచ్చిండు."

"నన్ను అడిగిండా?"

"అడిగిండు. లేవని చెప్పిన." ఆ చెప్పడంలో ఎంత నెమ్మది. "ఏం భయపడకు బిడ్డా. పెద్దోడు గూడ గదే చెప్పిండు. ఎనకింటోళ్లు గూడ. అందరం ఒక్క మాట మీదున్నం. నీకు తెలిస్తే బుగులు పడ్తవని చెప్పలే."

నేను అరిచాను. ఆ అరుపుకు దడి అవతల కోళ్లు లేచాయి. నా పాస్‌పోర్టు ఆగిందని, నా ప్రయాణం ఆగిందని, నన్ను లేకుండా చేశారని అరిచాను. అవ్వ నా అరుపు అయ్యేదాకా ఆగింది. ఆమె మొహంలో తప్పు చేసిన జాడ లేదు. అర్థంకానితనం మాత్రం ఉంది.

"ఎట్ల చూపియ్యాలె నిన్ను?" అంది. "పోయినేడు తునికాకు కాంట్రాక్టరు మనిషి ఇల్లేదని అడిగిన్రు. చెయ్యి పట్టుకపోయి చూపిచ్చినం. ఆయన బయటోడు. నువ్వు గట్లనా?"

నాకు ఏడుపొచ్చింది. నేను ఆ ఊళ్లో చుట్టపుచూపుగా ఉన్నదాన్ని అనుకునే బతికాను. పండక్కి పిలిస్తే పోయేదాన్ని, పిలవకపోతే పోయేదాన్ని కాదు. వాళ్లు కోయలో గబగబా మాట్లాడుకుంటుంటే నా గురించేనేమో అని అనుమానపడేదాన్ని. నేను లేనని చెప్పిన రోజున నేను వాళ్ల మనిషినయ్యానని, కాదు, ఎప్పుడో అయ్యానని, ఆ చాప ముందు నిలబడి తెలుసుకున్నాను. సంతోషం ముంచెత్తింది. కానీ ఆ సంతోషం పాస్‌పోర్టు తెచ్చిపెట్టదు.

మళ్లీ విచారణ చేయమని అర్జీ పెట్టుకోవచ్చని కానిస్టేబులే చెప్పాడు. అర్జీ రాశాను. హెడ్‌మాస్టరు సర్టిఫికెట్ జతచేశాను. కానీ మళ్లీ వచ్చినప్పుడు ఇరుగుపొరుగు ఒక్కరైనా అవును, ఉంది అనాలి. ఆ ముక్క అడగడానికి ఊరిపెద్ద వాకిట్లో కూర్చున్నాం. అవ్వ వచ్చింది, ఆమె పెద్దకొడుకూ వచ్చాడు. నేను జర్మనీ గురించి, పుస్తకాల గురించి చెప్పాను. అందరూ విన్నారు. చివరికి ఊరిపెద్ద అన్నాడు.

"ఇయ్యాల పంతులమ్మ తెలుసంటం. బాగనే ఉన్నది. రేపు ఇంకొకల పేరు చెప్పి, వీడు తెలుసా అంటరు. పంతులమ్మను ఎరికున్నోళ్లకు వీడెట్ల ఎరికలేదంటరు. అప్పుడేం జెయ్యాలె నువ్వే చెప్పు."

ఏళ్లుగా ఆ ఊరు ఆ ఒక్క మాట వెనకాలే బతికింది. అడవిలోంచి వచ్చి అడిగినా, క్యాంపులోంచి వచ్చి అడిగినా తెలియదనే చెప్పింది. ఆ మాటకు నా కోసం చిల్లు పెట్టమంటున్నాను. నేను ఇక్కడ ఉండేది బదిలీ వచ్చేదాకా, వాళ్లు ఉండేది ఎప్పటికీ. వద్దులెమ్మని లేచాను. లేచానే గాని, తనిఖీకి వచ్చిన ఆ పెద్దసారు రెండు వేళ్లూ, నవ్వూ కళ్ల ముందుకొచ్చాయి.

"నేనొక్కదాన్ని చెప్త," అంది అవ్వ. "ముసలిదాన్ని, నాకు మతి లేదని రేపు ఎట్లనన్న అనొచ్చు. వీళ్ల పేర్లు రావొద్దు."

కానిస్టేబుల్ రెండోసారి వచ్చినరోజు నేను కదలకుండా ఇంట్లోనే ఉన్నాను. బండి శబ్దం విని ఊరంతా ఎవరి గుమ్మంలోకి వాళ్లు పోయారు. అవ్వ మాత్రం వాకిట్లో కూర్చుని ఉంది. లేవబోయి, లేవలేక నా మణికట్టు పట్టుకుంది.

"ఈమె నీకు తెలుసా అవ్వా?"

అవ్వ దడి వైపు తల తిప్పింది. నేను నేలవైపు చూస్తున్నాను. ఇప్పుడు లేదంటే నా పని అయిపోయినట్టే. అయినా లేదనే అనమని లోపల ఎక్కడో మొక్కుకుంటున్నాను. ఆమె కూడా లోపలికి పోతే చాలనిపించింది.

"తెలుసు," అంది అవ్వ. "ఈడనే ఉంటది. మా పంతులమ్మ."

అతను రాసుకున్నాడు. కాగితం కింద ఆమె చేత వేలిముద్ర వేయించాడు. నేను తుడవబోతే వేలు వెనక్కి తీసుకుంది. అతను మంచివాడే, పని అయ్యాక మాట కలపడానికే అన్నట్టు దడి అవతలికి చెయ్యి చూపించి అడిగాడు. "ఆ ఇల్లెవరిదవ్వా?"

"తెల్వదు సారూ," అంది అవ్వ. "నాకు పంతులమ్మ ఒక్కతే తెలుసు."

అతను నా వైపు చూశాడు. నేను తీగె మీది చీరను చూస్తున్నాను. నవ్వుకుని బండెక్కి పోయాడు. బండి శబ్దం అడవిలో కలిసిపోయాక, ఆ ఎవరిదో తెలియని ఇంట్లోంచి ఆమె పెద్దకొడుకు మెల్లగా తల బయటపెట్టాడు.

పాస్‌పోర్టు వచ్చింది. నా కంగారు తగ్గలేదు, రెండింతలైంది. అవ్వ పొద్దున లేస్తూనే, "ఆ కాయితం ఏడికి పోయింది బిడ్డా?" అని అడిగేది. ఖమ్మం పోయిందనేదాన్ని. ఆడ ఎవరు చదువుతరు అనేది. ఎవరూ చదవరు, దాచిపెడతారు అంటే ఇంకా దిగులుపడేది. దాచిపెట్టే కాగితం ఎప్పుడో ఒకప్పుడు బయటికి తీసే కాగితమే కదా. బండి చప్పుడైతే చాలు, లేచి లోపలికి పోయేది. నాకు అడ్రసు దొరికింది, ఆమెకు నిద్ర కరువైంది. ఆమెకు ఏదైనా అయితే అది నా వల్లే అన్న భయం నన్ను పట్టుకుంది.

తర్వాత వీసా. ఖమ్మంలో వీసా కాగితాలు నింపిపెట్టే ఒకాయన నా ఫైలు చూసి పెదవి విరిచాడు. పెళ్లి లేదు, పిల్లలు లేరు, సొంత ఇల్లు లేదు, భూమి లేదు. "మీరు తిరిగొస్తరని వాళ్లకు నమ్మకం గల్గాలె మేడం. మీ ఊర్ల ఇద్దరి పేర్లు రాయండ్రి. ఇంటి ఓనరు, పక్కింటోళ్లు. మిమ్ముల ఎరిగినోళ్లు ఉంటే కేసు గట్టిగుంటది" అన్నాడు.

ఆ సంగతి చెప్పగానే అవ్వ తల అడ్డంగా ఊపింది. "ఒక్కపాలి ఇచ్చిన. ఇగ మా పేరు ఏడ రాయకు." నేను రాయనని మాటిచ్చాను.

హైదరాబాదులో వీసా కేంద్రం చల్లగా, శుభ్రంగా ఉంది. అక్కడ నాకు చెమటలు పట్టాయి. అద్దం వెనక కూర్చున్న అమ్మాయి నా కాగితాలన్నీ తిప్పింది. ఉద్యోగం, జీతం, సెలవు మంజూరు, ఆహ్వానం, అన్నీ సరిపోయాయి.

"కిరాయి ఇల్లన్నారు. ఓనర్ పేరు రాయలేదేంటండీ?"

ఆ పేరు నాకు నా పేరంత బాగా తెలుసు. నా సంచిలో ఉన్న మొదటి పుస్తకం మొదటి పేజీలో, కథ చెప్పినవారు అన్న చోట, పిల్లల వంకర అక్షరాల్లో ఉంది. సంచి తీసి చూపించినా సరిపోయేది.

"తెలియదండీ," అన్నాను.

"పక్కింటివాళ్లు?"

"తెలియదు."

"ఇన్నేళ్లుగా అక్కడే ఉంటున్నారు కదా మేడం?"

"అవునండీ."

ఆమె నన్ను ఒకసారి తేరిపార చూసి, కంప్యూటర్‌లో ఏదో కొట్టింది. ఏం కొట్టిందో నాకు కనబడలేదు. బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాను. ఏళ్ల కోరికను నా నోటితో నేనే పాడుచేసుకున్నానని గట్టిగా నమ్మాను. వెనక్కి పోయి పేరు చెప్పి వద్దామా అని రెండుసార్లు లేచాను కూడా. రెండుసార్లూ అవ్వ వెనక్కి తీసుకున్న ఆ వేలు గుర్తొచ్చి కూర్చున్నాను.

ఆ తర్వాతి రోజులు ట్యాంకు మెట్ల మీదే గడిచాయి. బడి సెలవులైనా ఎక్కడికీ పోలేదు. ఫోన్‌కు సిగ్నల్ ఉందా లేదా అని చూసుకోవడం, అది ఉంటే ఎందుకు మోగదని తిట్టుకోవడం. కవరు వచ్చిందని కొరియరువాళ్లు చెప్పగానే భద్రాచలం పోయి తెచ్చుకున్నాను. అక్కడ విప్పలేదు. బస్సులోనూ విప్పలేదు. విప్పనంతసేపు ఇంకా ఆశ ఉన్నట్టే కదా. అవ్వ వాకిట్లో చింతపండు కుప్ప ముందు కూర్చుని గింజలు తీస్తోంది. ఆమె ఎదురుగా నిలబడి కవరు చించాను.

వీసా ఉంది. నా మొహం పక్కన, ఇంకో దేశం ముద్ర కింద, ఉంది. అవ్వ దాన్ని కళ్ల దగ్గరగా పెట్టుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఆడ మా పేర్లు అడిగిన్రా?"

"అడిగిన్రు."

"ఏం చెప్పినవ్?"

"తెల్వదన్న."

పాస్‌పోర్టు తిప్పడం ఆపింది. "నమ్మిన్రా?"

"లేదవ్వా. నమ్మినట్టు లేదు."

"నమ్మరు," అంది అవ్వ. "మమ్ముల గూడ ఎన్నడు నమ్మలే."

ఆ మాట కోపంతో అనలేదు. పాస్‌పోర్టు మూసి నా చేతిలో పెట్టి, కొంచెం పక్కకు జరిగి, కుప్పలోంచి సగం చింతపండు నా వైపు తోసింది.